నాటు మందా, ఇంగ్లీషు మందా: మందుల షాపు కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాదు. బీఫార్మసీ చదివి, పల్నాడులో ఒక చిన్న ఊళ్లో పాతికేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. చీటీ చేతికిచ్చి, చిల్లర లెక్కపెట్టుకుంటూ, వెనకాల ఎవరూ లేరని చూసుకుని జనం మెల్లగా అడిగే ప్రశ్నలివి. డాక్టర్ని అడగాలంటే మొహమాటం. నాటు వైద్యుణ్ణి అడిగితే ఏ జబ్బుకైనా ఒకటే జవాబు. మధ్యలో నేను దొరుకుతాను.

మా తమ్ముడికి పచ్చ కామెర్లు వచ్చాయి. పసరు పోయించమంటావా అన్నా?

ఏటా వానలు మొదలయ్యాక ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. తాగే నీళ్లు పాడవుతాయి కాబట్టి.

ముందు ఒక సంగతి. కామెర్లు అనేది ఒక్క జబ్బు పేరు కాదు. ఒంట్లోంచి లివర్ ద్వారా బయటికి పోవాల్సిన బిలిరుబిన్ అనే పసుపు పదార్థం రక్తంలో పేరుకుపోతే కళ్లు పచ్చబడతాయి. రక్తపరీక్షలో మామూలుగా 1 దగ్గర ఉండే అంకె 3 దాకా వచ్చేసరికి కంట్లో తెలిసిపోతుంది. ఎందుకు పేరుకుందో తేలాలి. కారణం ఒక్కొక్కరికీ ఒక్కోటి ఉంటుంది.

మన ఊళ్లలో కుర్రాళ్లకు వచ్చేవి ఎక్కువగా హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వల్ల. వీటికి ఇంగ్లీషు వైద్యంలోనూ ప్రత్యేకంగా మందేమీ లేదు. తిండి, విశ్రాంతి, కనిపెట్టుకుని ఉండటం, అంతే. కొన్ని వారాల్లో చాలామందికి ఒళ్లే దాన్ని వదిలించుకుంటుంది. కళ్లు బాగా పచ్చబడ్డాక పసరు పోయిస్తారు. అప్పటికే జబ్బు దిగే దారిలో ఉంటుంది. మూడో వారానికి కళ్లు తెల్లబడతాయి, పేరు పసరుకి వస్తుంది. ఆ వైద్యుడు మోసం చేస్తున్నాడని నేను అనను. ఆయన చేతి మీదుగా నిజంగానే నూరు మంది బాగయ్యారు. పసరు పోయకపోయినా అందులో దాదాపు అందరూ బాగయ్యేవాళ్లే.

భయం మిగతా కారణాల గురించి. పిత్తనాళంలో రాయి, అక్కడే గడ్డ, హెపటైటిస్ బి, తాగుడు వల్ల చెడిన లివర్, ఎలుకల మూత్రం కలిసిన మురికి నీళ్ల నుంచి సోకే లెప్టోస్పైరోసిస్. ఇవి పసరుకి లొంగవు.

ఒకాయన సంగతి నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అరవై దాటిన రైతు. తువ్వాలు భుజాన వేసుకుని, మోచేతులు గోక్కుంటూ వచ్చి దురదకి మాత్ర ఇమ్మన్నాడు. సెట్రిజిన్ ఇచ్చి పంపాను. పది రోజులకి మళ్లీ వచ్చాడు. ఈసారి ఎందుకో ట్యూబ్‌లైటు కింద చూడకుండా బయటికి తీసుకొచ్చి ఎండ వెలుతురులో కళ్లు చూశాను. పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. అప్పుడు అడిగితే చెప్పాడు, మూడు విడతలు పసరు తాగాడట, దొడ్డికి తెల్లగా సున్నపుముద్దలా వస్తోందట, పంచె నడుముకి నిలవడం లేదట. గుంటూరు పంపితే స్కానింగ్‌లో గడ్డ బయటపడింది. కొన్ని నెలల ముందు వచ్చుంటే ఆపరేషన్ చేసేవాళ్లమని అక్కడ అన్నారట. ఆలస్యం చేసింది పసరు ఒక్కటే అని చెప్పుకుని నేను తప్పించుకోలేను. నా సెట్రిజిన్ కూడా పది రోజులు తినేసింది.

కాబట్టి పసరు సంగతి తర్వాత. ముందు లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించండి, కొన్ని వందల్లో అయిపోతుంది. డాక్టర్ చెబితే స్కానింగ్. మనిషి మత్తుగా ఉన్నా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కడుపుతో ఉన్నవాళ్లకి హెపటైటిస్ ఇ ప్రాణం మీదికి తేవచ్చు, ముఖ్యంగా ఏడో నెల దాటాక. పుట్టిన పిల్లల కామెర్లకి నీలి లైటు కింద పెట్టే వైద్యం ఉంది. వాళ్లకి పసరు పోయడం, చేతి మీద చురకలు పెట్టడం మాట ఎత్తకండి.

ఇంకోటి, పథ్యం. పాలు, పప్పు, నూనె అన్నీ మాన్పించి నెలరోజులు చప్పిడి కూడు పెడితే మనిషి నీరసపడి పోతాడు. వాంతులు లేకపోతే మామూలు భోజనం పెట్టొచ్చు. సారా మాత్రం బంద్.

సున్నపు నీళ్లలో చేతులు కడిగితే పచ్చ దిగింది. కళ్లారా చూశాం కదా?

మామిడి బెరడు రసం చేతులకి పూసి సున్నపు నీళ్లలో పెడితే నీళ్లు పచ్చబడతాయి. నిక్షేపంలా ఉన్నవాడి చేతులకి పూసినా అంతే. ఈసారి కామెర్లున్న మనిషి పక్కనే మీరూ చేతులు పెట్టి చూడండి.

నేల ఉసిరి మీద పెద్ద పరిశోధనే జరిగిందట?

జరిగింది. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి నేల ఉసిరి పొడి ఇచ్చి, ఆ ఫలితాన్ని లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. పొడి తిన్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయింది. ఉత్తుత్తి మందు తిన్న 23 మందిలో ఒక్కరికే పోయింది. అప్పట్లో ప్రపంచమంతా ఆశపడింది. ఆ తర్వాత వేరే చోట్ల అదే పని చేసి చూస్తే ఆ ఫలితం మళ్లీ రాలేదు.

ఎవరైనా ఈ కథలో మొదటి సగమే చెబితే రెండో సగం కూడా అడగండి. ఒక్కసారి బాగా వచ్చిన ఫలితం రెండోసారీ, ఇంకొకరి చేతుల్లోనూ వస్తేనే మందు అంటారు. హెపటైటిస్ బికి ఇప్పుడు మంచి మాత్రలున్నాయి. పుట్టగానే వేసే టీకా ఉంది, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

ఇంగ్లీషు మందులు కూడా చెట్ల నుంచే వచ్చాయి కదా, మరి ఆకుని ఎందుకు నమ్మరు?

వచ్చాయి, నిజమే. సర్పగంధిని మనవాళ్లు పూర్వం నుంచీ వాడుతున్నారు. అది బీపీ తగ్గిస్తుందని బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో రోగుల లెక్కలతో సహా చూపించాడు. 1952లో దాన్నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు. కొన్నేళ్లు ప్రపంచమంతా వాడింది. మనిషిని దిగులులోకి నెడుతోందని అనుమానాలు రావడం, అంతకంటే మంచి మాత్రలు రావడంతో పక్కన పెట్టేశారు.

మలేరియా మందు ఆర్టెమిసినిన్ కథ నాకు ఇంకా ఇష్టం. చైనాలో తూ యుయు అనే ఆవిడ పాత వైద్య గ్రంథాలు తిరగేస్తూ, ఒక ఆకుని నీళ్లలో నానబెట్టి పిండి తాగమని రాసి ఉండటం గమనించింది. కాచమని లేదు. తాము కాచడం వల్లే గుణం పోతోందని అనుమానం వచ్చి, తక్కువ వేడిలో సారం తీసింది. పని చేసింది. 2015లో నోబెల్ వచ్చింది. పాత పుస్తకాన్ని ఆవిడ కొట్టిపారేయలేదు, గుడ్డిగా నమ్మనూ లేదు. పరీక్షకి పెట్టింది. ఆ తర్వాత దాన్ని ఆకు వైద్యమనాలో ఇంగ్లీషు వైద్యమనాలో నాకు తెలీదు, దోమ కుట్టినవాడికి అక్కర్లేదు కూడా.

మోకాళ్ల నొప్పులకి ఒక పొడి వాడుతున్నా. రెండు రోజుల్లో లేచి తిరుగుతున్నా. ఇది మంచిదేనా?

రెండు రోజుల్లో తిరుగుతున్నారంటేనే నాకు అనుమానం. ఏళ్ల తరబడి అరిగిన మోకాలు రెండు రోజుల్లో నొప్పి మరిచిపోయిందంటే అందులో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ మాత్రలు చవక. పొడి చేసి చూర్ణంలో కలిపేస్తే రుచికి తెలీదు. ఇలా కల్తీ చేసిన నాటు పొడులు మన దేశంలో పరీక్షల్లో చాలాసార్లు పట్టుబడ్డాయి.

ఒక పెద్దమ్మ పేపర్ ముక్కలో కట్టిన పొట్లాలు తెచ్చి చూపించింది. పేరు లేదు, తేదీ లేదు. ఆవిడ మొహం గుండ్రంగా ఉబ్బి బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. "ఒళ్లు చేశావే పెద్దమ్మా" అంటే సంతోషపడింది. చేతులు మాత్రం పుల్లల్లా ఉన్నాయి, ముంజేతుల మీద ఎర్రగా కమిలిన మచ్చలు. షుగర్ చూస్తే మూడు వందల చిల్లర. ఎప్పుడూ షుగర్ లేని మనిషికి.

ఇలాంటి పొడి వాడుతున్నట్టు అనుమానముంటే, ఇది చదివి ఇవాళే ఆపేయకండి. నెలల తరబడి స్టెరాయిడ్ పడిన ఒంట్లో సొంత హార్మోన్ తయారీ నిద్రపోతుంది. ఉన్నట్టుండి మానేస్తే బీపీ పడిపోయి కుప్పకూలొచ్చు. పొట్లం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆయన మెల్లగా దించుతాడు.

డబ్బా మీద గవర్నమెంటు లైసెన్సు నంబరు ఉంది. అయినా నమ్మొద్దా?

లైసెన్సు ఉంటే పొట్లం కంటే మేలు. తయారు చేసిందెవరో, బ్యాచ్ ఏదో, అందులో ఏమున్నాయో రాసి ఉంటుంది, రేపు ఏదైనా అయితే అడగడానికి ఒక అడ్రస్ ఉంటుంది. కానీ ఆ నంబరు ఉన్నంత మాత్రాన జబ్బు తగ్గుతుందని ప్రభుత్వం పూచీ ఇచ్చినట్టు కాదు. పాత గ్రంథాల్లో రాసి ఉన్న మందైతే రోగుల మీద ట్రయల్ చేసి చూపించకుండానే లైసెన్సు వస్తుంది. షుగర్, క్యాన్సర్, పక్షవాతం, మూర్ఛ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అయినా బస్టాండ్ గోడ నిండా అవే.

ఆకే కదా, సైడ్ ఎఫెక్టులు ఏముంటాయి?

గన్నేరూ ఆకే.

తిప్పతీగ సంగతి చూడండి. కరోనా రోజుల్లో ఇంటింటా కషాయం కాచారు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న రోగుల గురించి రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అది తిప్పతీగలాగే కనిపించే వేరే తీగ అయ్యుంటుందని అంది. మన కంచె మీద పాకింది ఏ తీగో మనకి తెలుసా? తెలీదు.

భస్మాలది, అంటే లోహాల్ని కాల్చి చేసే మందులది, ఇంకో గొడవ. 2004లో బోస్టన్‌లో ఇండియన్ కొట్లలో అమ్మే 70 ఆయుర్వేద ఉత్పత్తులు పరీక్షిస్తే 14లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉంది. అమెరికాలో ఉన్న పిల్లలకి ఇక్కడి నుంచి లేహ్యాలు, గోళీలు పార్సిల్ చేసే అమ్మానాన్నలు ఇది గుర్తుపెట్టుకోవాలి, చంటిబిడ్డలున్న ఇళ్లకైతే మరీ.

షుగర్ మాత్రలు మానేసి మెంతులు, కాకరరసం మీద ఉండొచ్చా?

రెండూ చక్కెరని కొద్దిగా దించుతాయి, అందులో అబద్ధం లేదు. మాత్రలకి బదులు నిలబడేంత కాదు. మాత్రలతో పాటు గ్లాసులు గ్లాసులు తాగితే ఒక్కోసారి షుగర్ మరీ పడిపోయి చెమటలు పడతాయి.

చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు ఒక్కరోజు కూడా మానకూడదు. టైప్ 1లో ఇన్సులిన్ ఆపితే కొన్ని రోజుల్లో మనిషి పోతాడు. ఏ డైట్ గురువు ఏం చెప్పినా సరే.

టైప్ 2, అంటే ఎక్కువగా పెద్దయ్యాక వచ్చే షుగర్, వేరే. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే ట్రయల్‌లో, గట్టిగా బరువు తగ్గించిన వాళ్లలో దాదాపు సగం మంది ఏడాదికి మాత్రలు లేకుండానే షుగర్ లేని స్థాయికి వచ్చారు. 2017లో ఫలితం వచ్చింది. కాబట్టి తిండితో షుగర్ తగ్గదనే డాక్టర్ మాట కూడా పూర్తిగా నిజం కాదు. అక్కడ మాత్రలు ఆపింది డాక్టర్ల కనుసన్నల్లో, పరీక్షలు చూసుకుంటూ. అదీ జబ్బు బయటపడి ఆరేళ్లు దాటని వాళ్లలో.

కుక్క కరిచింది. పక్క ఊళ్లో మందు మింగిస్తారట.

వద్దు. ఇందులో రెండో మాట లేదు. పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గాయాన్ని కడిగి, కారం, సున్నం ఏదీ పూయకుండా ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. సూది ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. చర్మం తెగి రక్తం వచ్చి ఉంటే గాయం చుట్టూ ఇంకో మందు కూడా ఎక్కిస్తారు. కుక్కలన్నిటికీ రేబిస్ ఉండదు కాబట్టి మందు మింగినవాళ్లలో చాలామంది బతుకుతారు. ఉన్న కుక్క కరిస్తే, లక్షణాలు మొదలయ్యాక ఏ వైద్యంలోనూ మందు లేదు.

పాము మంత్రమూ ఇంతే. కాటేసిన పాముల్లో చాలావాటికి విషం ఉండదు, ఉన్నవీ ప్రతిసారీ ఎక్కించవు. మంత్రగాడి పేరు అలా నిలబడింది. 108కి ఫోన్ చేయండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర, ఈ నాలుగింటికీ పనిచేసే సూది మందు ఒక్కటే.

పుత్తూరు కట్టు కట్టించుకోవచ్చా?

దీన్ని నేను పసరుతో ఒక గాటన కట్టను. ఆకుముద్ద, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. విరిగిన ఎముక కదలకుండా పట్టి ఉంచడమే ఆ కట్టు చేసే పని, పిండికట్టు చేసేదీ అదే. పిల్లల చేతి ఎముక వంకర లేకుండా చిట్లితే ఎలా పట్టి ఉంచినా అతుక్కుంటుంది.

అతుక్కోనివి ఉన్నాయి. బాత్‌రూమ్‌లో జారిపడ్డ ముసలివాళ్ల తుంటి ఎముక, కీలు లోపలికి పోయిన విరుగుడు, చర్మం చీల్చుకుని బయటికి వచ్చిన ఎముక. వీటికి కట్టు కడితే మంచం పట్టడమో, చీము పట్టడమో. అందుకే ఎక్స్‌రే చూపించాకే ఎక్కడికైనా వెళ్లండి. ఏ కట్టు అయినా సరే, కట్టాక వేళ్లు తిమ్మిరెక్కినా, నీలంగా మారినా, నొప్పి గంటగంటకీ పెరుగుతున్నా అప్పటికప్పుడు విప్పించాలి. తెల్లారాక చూద్దామంటే చెయ్యి పోతుంది.

మృగశిర కార్తెకి హైదరాబాద్ వెళ్లి చేప ప్రసాదం తీసుకుంటే ఉబ్బసం పోతుందా?

నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని వాళ్లు పచ్చటి ముద్ద పెట్టిన కొరమీను పిల్లని ఉచితంగా మింగిస్తారు. శాకాహారులకి బెల్లంలో ఇస్తారు. ఒకప్పుడు చేప మందు అనేవాళ్లు, గొడవ కోర్టుకెక్కాక ప్రసాదం అంటున్నారు. ప్రసాదమని తీసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. ఇన్‌హేలర్ మాత్రం జేబులో ఉండాలి. అన్ని వేల మంది మధ్య దుమ్ములో, క్యూలో ఆయాసం వస్తే పని చేసేది అదే. ఇన్‌హేలర్ అలవాటైపోతుందనే భయం వద్దు. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది కాబట్టి మాత్రల కంటే మోతాదు చాలా తక్కువ.

హోమియో?

30సి అంటే నూరో వంతు చొప్పున ముప్పైసార్లు పలచన చేశారని. అలా రాసి ఉన్న సీసాలో అసలు పదార్థం ఒక్క అణువు మిగిలే అవకాశం కూడా లేదు. పన్నెండోసారి పలచన చేసేసరికే అయిపోతుంది. జలుబుకి వాడుకుంటే నష్టం లేదు. మూర్ఛ మాత్రలు ఆపి వాడితే ఉంది.

రొమ్ములో గడ్డ. నొప్పి లేదు. ముందు ఆరు నెలలు ఆయుర్వేదం వాడి చూస్తామంటున్నారు.

అమ్మా, నొప్పి లేని గడ్డకే ముందు భయపడాలి. అమెరికాలో క్యాన్సర్ రోగుల లెక్కలు తీసి 2018లో ఒక పరిశోధన వేశారు. మామూలు వైద్యం మొత్తం వదిలేసి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే పట్టుకున్న వాళ్లలో చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్లకు పైనే. రొమ్ము క్యాన్సర్‌లో అంత తేడా ఎందుకంటే, తొందరగా పట్టుకుంటే బాగా నయమయ్యే జబ్బు కాబట్టి. కోల్పోయేది అంత ఎక్కువ.

గడ్డలన్నీ క్యాన్సర్ కావు. సూది పరీక్షకి వారం చాలు. ఖర్చంటే భయమైతే ఆరోగ్యశ్రీ (ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) కార్డు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లి, ఆ పథకం చూసే సిబ్బందిని అడగండి. కీమో నడుస్తుండగా వాంతులకీ, దిగులుకీ ప్రాణాయామం చేసుకుంటే ఏ డాక్టరూ కాదనడు.

ఇంగ్లీషు డాక్టర్లు మాత్రం దోచుకోవడం లేదా?

దోచుకునేవాళ్లున్నారు. జలుబుకి యాంటీబయాటిక్, నీరసానికి సెలైన్, నడుం నొప్పికి ఆర్ఎంపీ వేసే స్టెరాయిడ్ సూది, అన్నీ నా కౌంటర్ ముందు నుంచే పోతాయి. నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగి కిడ్నీలు పోగొట్టుకున్నవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. చీటీ లేకుండా ఆ మాత్రలు అమ్మే షాపులకీ ఇందులో వాటా ఉంది.

అయినా ఒక తేడా ఉంది. రోఫెకాక్సిబ్ అనే నొప్పి మాత్ర ప్రపంచమంతా బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. గుండెపోట్లు పెంచుతోందని లెక్కల్లో తేలాక 2004లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. మా షాపులో షీట్లు కూడా మూటగట్టి పంపించేశాం. పసరు తాగి పోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గర ఉంది? రాసేవాడే లేనప్పుడు ఆ మందు ఎప్పటికీ తప్పు చేయనట్టే కనిపిస్తుంది.

నాటు మందు వాడుతున్నట్టు డాక్టర్‌కి చెప్పాలా? తిడతాడు.

తిట్టనీయండి, చెప్పండి. రక్తం పలచన చేసే మాత్రల మీద ఉన్నా, ఆపరేషన్ ఉన్నా తప్పకుండా చెప్పాలి. మాటలతో చెప్పడం కష్టమనిపిస్తే డబ్బా గానీ పొట్లం గానీ టేబుల్ మీద పెట్టేయండి, ఆయనే అడుగుతాడు.

మీ ఇంట్లో మీరేం వాడతారు?

జలుబు చేస్తే మా ఆవిడ శొంఠి, మిరియాలు వేసి కషాయం కాస్తుంది. బెల్లం కొంచెం ఎక్కువే పడుతుంది, బాగుంటుంది. అజీర్తి చేస్తే వాము. నడుం పట్టేస్తే పొద్దున్నే ఆసనాలు. జ్వరం మూడో రోజుకి కూడా దిగకపోతే మాత్రం కషాయం గిన్నె కడిగేసి, డెంగీ పరీక్షకి రక్తమిచ్చి వస్తాం.